ఎగ్జిట్ దాటారా, దాటలేదా? బెంగళూరులో రోడ్‌సైడ్ ప్రాసెస్ ట్రైనింగ్: నా అనుభవం

"అక్కా, బెంగళూరులో అమెరికా రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ప్రాసెస్‌కి ఆఫర్ వచ్చింది, చేరమంటావా?" అని మా మదనపల్లి పిల్లలు ఈమధ్య తెగ ఫోన్ చేస్తున్నారు. అమెరికాలో దారి మధ్యలో బండి ఆగిపోయినవాళ్ల ఫోన్ ఎత్తి, ఎక్కడున్నారో కనుక్కుని, బండిని లాక్కెళ్లే టో ట్రక్ పంపించే కాల్ సెంటర్ పని ఇది. అందరికీ చెప్పేది ఒకటే కాబట్టి ఇక్కడ రాస్తున్నా. ఇంటర్వ్యూలో ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఈ ఉద్యోగంలో గ్రామర్ కంటే, యాక్సెంట్ కంటే ఎక్కువగా ఏడిపించేవి ఇన్, ఆఫ్, బ్యాక్, పాస్ట్, ఓవర్ లాంటి చిన్న చిన్న మాటలు. బండి ఎక్కడ ఆగిందో, ఎటు తిరిగి ఉందో వాటిలోనే ఉంటుంది.

ఇంటర్వ్యూ ఏప్రిల్ మొదట్లో, ఎలక్ట్రానిక్ సిటీలో. వాకిన్ అన్నారని తొమ్మిదికే వెళ్లి కూర్చుంటే పదకొండు దాటాక పిలిచారు. హెచ్ఆర్ మాట్లాడింది ఐదు నిమిషాలు కూడా లేదు. ఆ తర్వాత వెర్సాంట్ టెస్ట్. ఎదురుగా మనిషి ఉండరు. హెడ్‌సెట్ పెట్టుకుని కంప్యూటర్‌తో ఓ పావుగంట పైన మాట్లాడాలి. కొన్ని వాక్యాలు చదవాలి, కొన్ని విని ఉన్నదున్నట్టు తిరిగి చెప్పాలి, గజిబిజిగా వినిపించిన ముక్కల్ని వాక్యంగా పేర్చాలి, ఒక చిన్న కథ విని సొంతంగా చెప్పాలి. చదవడం దగ్గర ఎవరికీ ఇబ్బంది ఉండదు. తిరిగి చెప్పడం దగ్గరే అందరూ తడబడతారు. "షీ రాన్ బ్యాక్ ఇంటూ ది హౌస్" లాంటి వాక్యం వింటే రాన్, హౌస్ నోటికి వచ్చేస్తాయి. మధ్యలో ఉన్న బ్యాక్ ఇంటూ ఎగిరిపోతుంది. టెస్ట్ అయ్యాక బయట టీ తాగుతూ మాట్లాడుకుంటే అందరిదీ ఇదే గోడు. సాయంత్రం నాలుగున్నరకి సెలెక్ట్ అయ్యానని చెప్పారు. ఆఫర్ లెటర్ మెయిల్‌కి రావడానికి మాత్రం దాదాపు మూడు వారాలు పట్టింది. ఈలోగా మూడుసార్లు డాక్యుమెంట్లు అడిగారు. ప్రొవిజినల్ సర్టిఫికెట్, మార్కుల మెమోలు, పాన్, ఆధార్ స్కాన్ చేసి ఫోన్‌లోనే ఉంచుకోండి.

నాన్నకి నైట్ షిఫ్ట్ అనేసరికి టెన్షన్. ఇంటి దగ్గర నుంచి ఆఫీసుకి కంపెనీ క్యాబ్ ఉంటుందని, అమ్మాయి మొదట ఎక్కినా చివర దిగినా క్యాబ్‌లో గార్డ్ కూడా ఉంటాడని హెచ్ఆర్‌తోనే ఫోన్‌లో చెప్పించాను. అప్పటికి సరే అన్నాడు. అయినా మొదటి నెలంతా పొద్దున ఐదుకి "దిగినావా?" అని మెసేజ్ వస్తూనే ఉంది.

బీటీఎం లేఅవుట్‌లో తెలుగువాళ్ల పీజీలో దిగాను. ఇద్దరుండే రూముకి నెలకి 9,000, అడ్వాన్స్ 10,000. ఖాళీ చేసేటప్పుడు అందులో కొంత మెయింటెనెన్స్ కింద కోసేస్తారు. ఎంత కోస్తారో చేరే రోజే కాగితం మీద రాయించుకోండి. రాత్రి షిఫ్ట్ వాళ్లకి పీజీ భోజనం టైములు అస్సలు కుదరవు. మనం లేచేసరికి మధ్యాహ్నం అన్నం అయిపోతుంది. మా పీజీ నెల్లూరు ఆంటీ మంచిదై నాకు డబ్బాలో తీసిపెట్టేది కాబట్టి సరిపోయింది. ఇంకోటి, నేను మే మూడో వారంలో చేరాను. ఆ నెల జీతాల లెక్క అప్పటికే మూసేశారట. మొదటి జీతం జూన్ చివర్లో, రెండూ కలిపి వచ్చింది. చేతిలో నెలన్నరకి సరిపడా డబ్బు లేకుండా బయల్దేరకండి.

మొదటి రెండు వారాలు వాయిస్ అండ్ యాక్సెంట్. వి, డబ్ల్యూ తేడా, ఎక్కడ నొక్కి పలకాలి, ఇవన్నీ ఎవరైనా చెప్తారు. రెండో వారంలో మా ట్రైనర్, మంగళూరు ఆవిడ, ఒక్కొక్కరినీ లేపి మెయిన్ గేట్ నుంచి క్యాంటీన్‌కి దారి చెప్పమంది. అందరం దాదాపు ఒకేలా చెప్పాం: గో స్ట్రెయిట్, టేక్ లెఫ్ట్, దేర్ ఈజ్ క్యాంటీన్. ఆటో అన్నకి ఇది చాలు అని నవ్వి, మీ కస్టమర్ ఇలా మాట్లాడతాడు, రాసుకోండి అంది: "గో ఇన్ త్రూ ది గేట్, డౌన్ ది స్టెప్స్, అక్రాస్ ది లాన్, పాస్ట్ ది ఏటీఎం, అండ్ అప్ టు ది సెకండ్ ఫ్లోర్." తర్వాత దీన్నే మీ మీ భాషల్లో చెప్పండి అంది.

నేను తెలుగులో చెప్పాను. గేట్లోంచి లోపలికొచ్చి, మెట్లు దిగి, లాన్ అడ్డంగా నడిచి, ఏటీఎం దాటి, రెండో అంతస్తు ఎక్కాలి. అప్పుడు బోర్డు మీద రెండూ పక్కపక్కన రాసి చూపించింది. ఇంగ్లీషులో క్రియ ఒక్కటే, గో. మిగతా దారంతా డౌన్, అక్రాస్, పాస్ట్, అప్ చెప్పేశాయి. మనకైతే రావడం, దిగడం, నడవడం, దాటడం, ఎక్కడం అని ప్రతి మలుపుకీ ఒక క్రియ ఉంది. అందుకే మన చెవి క్రియ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. కస్టమర్ గో అనగానే అసలు సంగతి వచ్చేసిందనుకుని ఊరుకుంటాం. అసలు సంగతేమో అప్పుడే మొదలవుతుంది. కన్నడ అబ్బాయిదీ, తమిళ అమ్మాయిదీ ఇదే కథ. ఆ మూడు గంటల క్లాసు నాకు మిగతా ట్రైనింగ్ అంతా ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు.

అదే రోజు ఇంకో తిరకాసు కూడా చెప్పింది. మనకి పైన వేరు, పైకి వేరు. కింద వేరు, కిందికి వేరు. బండి కింద పిల్లి తిరుగుతోందా, బండి కిందికి దూరిందా అన్నది ఆ చిన్న కి తేల్చేస్తుంది. ఇంగ్లీషులో ఇన్‌కి ఇంటూ, ఆన్‌కి ఆన్‌టూ ఉన్నాయి గానీ అండర్, బిహైండ్, బిట్వీన్ లాంటివాటికి అలాంటి జత లేదు. "ది క్యాట్ రాన్ అండర్ ది కార్" అంటే రెండూ కావచ్చు. చుట్టూ ఉన్న మాటల్ని బట్టి తెలుసుకోవాలి, లేదా అడగాలి. ఇంటూ ఉన్నచోట కూడా కస్టమర్లు సగంసార్లు ఇన్ అనే అంటారు. హోమ్, డౌన్‌టౌన్, అప్‌స్టెయిర్స్, అబ్రాడ్ ముందు టు పెట్టకూడదన్నది ఆ పూటే అయిపోయింది. అది ఒకసారి వింటే చాలు.

జూన్ మొదటి వారం నుంచి ప్రాసెస్ ట్రైనింగ్. గది గోడంతా అమెరికా మ్యాప్. కస్టమర్ ఫోన్‌కి లింక్ పంపితే లొకేషన్ వచ్చేస్తుంది కదా, ఇక మనమెందుకని మా బ్యాచ్‌లో అందరికీ అనుమానం. లొకేషన్ వస్తుంది. కానీ హైవేలో రెండు వైపుల రోడ్లూ పక్కపక్కనే ఉంటాయి, మధ్యలో డివైడర్. చుక్క కాస్త అటూ ఇటూ పడితే బండి ఏ వైపున ఉందో తెలీదు. ట్రక్ తప్పు వైపు వెళ్తే వచ్చే ఎగ్జిట్ దాకా, అంటే హైవే దిగే, ఎక్కే దారి దాకా, పోయి తిరిగి రావాలి. పైగా సిగ్నల్ సరిగా లేనివాళ్లు, పక్కవాళ్ల ఫోన్ నుంచి చేసేవాళ్లు ఉండనే ఉంటారు. వాళ్ల నోటితోనే రాబట్టాలి.

రోడ్ల నంబర్లు తెలిస్తే భయం సగం పోతుంది. ఇంటర్‌స్టేట్ హైవేల్లో బేసి నంబర్లవి ఉత్తర దక్షిణాలుగా, సరి నంబర్లవి తూర్పు పడమరలుగా వెళ్తాయి. 5 పడమటి తీరం వెంట, 95 తూర్పు తీరం వెంట. మైళ్ల లెక్క రాష్ట్రానికి దక్షిణపు అంచునో, పడమటి అంచునో మొదలై ఉత్తరానికీ తూర్పుకీ పెరుగుతూ పోతుంది. చాలా రాష్ట్రాల్లో ఎగ్జిట్ నంబర్ కూడా ఆ మైలు నంబరే. కాబట్టి ఉత్తరానికి వెళ్తున్న కస్టమర్ "జస్ట్ పాస్ట్ ఎగ్జిట్ 40" అంటే బండి 40వ మైలు దాటి ఉన్నట్టు. ట్రక్ ఎగ్జిట్ 40 దగ్గరే హైవే ఎక్కితే నిమిషంలో దొరుకుతుంది. "జస్ట్ బిఫోర్ ఎగ్జిట్ 40" అన్నాడనుకోండి, ట్రక్ అంతకుముందు ఎగ్జిట్లో, 36 అనుకుందాం, అక్కడ ఎక్కాలి. 40లో ఎక్కితే బండి వెనకపడిపోతుంది. ముందుకెళ్లి తర్వాతి ఎగ్జిట్లో దిగి, ఎదురు వైపు రోడ్డు ఎక్కి, 36 దాకా వెనక్కి వచ్చి, మళ్లీ తిరగాలి. ఒక్క పాస్ట్‌కీ బిఫోర్‌కీ మధ్య అరగంట పోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో పిల్లలతో రోడ్డు పక్కన నిలబడ్డవాళ్లకి ఆ అరగంట ఎంతో అర్థం చేసుకోండి.

మేము ఎగ్జిట్ పేరు రాసి ఊరుకునేవాళ్లం. ట్రైనర్ ఒప్పుకునేది కాదు. నోట్‌ప్యాడ్ మీద ఒక గీత, దానికి బాణం, ఎగ్జిట్‌కి అడ్డగీత, బండికి చుక్క పెట్టమనేది. ఆ చుక్క అడ్డగీతకి ఇటో అటో తేలేదాకా కాల్ వదలకూడదు. అడగాల్సిన ప్రశ్నలు కూడా నోటికి ఎక్కించింది. ముందు సేఫ్‌గా ఉన్నారా, రోడ్డుకి దూరంగా నిలబడ్డారా. తర్వాత ఎటు వెళ్తున్నారు, ఆఖరుగా దాటిన ఎగ్జిట్ ఏది. అప్పటికీ తేలకపోతే ఆ ఎగ్జిట్ బోర్డు మీకు ముందుందా, వెనకుందా. ఈ చివరి ప్రశ్న బంగారం. ఎంత కంగారులో ఉన్నా జనం దీనికి సరిగ్గా జవాబు చెప్తారు.

దిక్కుల బోర్డుల్ని మాత్రం కళ్లు మూసుకుని నమ్మాలి, కంపాస్‌ని కాదు. అరిజోనాలో ఫీనిక్స్ నుంచి టూసాన్‌కి వెళ్లే 10వ నంబర్ రోడ్డు నిజానికి ఆగ్నేయానికి పోతుంది. అక్కడివాళ్లు డౌన్ టు టూసాన్ అంటారు. డౌన్ అన్నారని మనం సౌత్ కొట్టకూడదు, బోర్డు మీద ఈస్ట్ అని ఉంటుంది. అసలైన వింత కాలిఫోర్నియాలో బర్క్లీ దగ్గర. అక్కడ కొంత దూరం 80, 580 రెండూ ఒకే రోడ్డు. దాని మీద ఉత్తరానికి పోతుంటే 80 లెక్కలో ఈస్ట్, 580 లెక్కలో వెస్ట్. ఒకే బండి ఒకేసారి తూర్పుకీ పడమరకీ పోతూ ఉంటుంది. ఈ పాఠం రోజు మా బ్యాచ్ ఐదు నిమిషాలు నవ్వింది, తర్వాత మ్యాప్ టెస్ట్‌లో అదే ప్రశ్న వచ్చేసరికి నవ్వు ఆగింది.

ఆ రోజుల్లో క్యాబ్‌లో కూర్చున్నా ఇదే గోల. సిల్క్ బోర్డ్ వైపు నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి పైన టోల్ రోడ్డు, కింద మామూలు రోడ్డు ఉన్నాయి కదా. డ్రైవర్ అన్న రోజూ "మేలె హోగోణ్వా, కెళగె హోగోణ్వా" (పైన పోదామా, కింద పోదామా) అని క్యాబ్‌లు చూసుకునే ట్రిప్ షీట్ వాళ్లని ఫోన్‌లో అడిగేవాడు. వెనక సీట్లో మేము దాన్ని ఇంగ్లీషు చేసుకుంటూ పోట్లాడుకునేవాళ్లం. పైకి ఎక్కేదాకా అప్, ఎక్కాక ఆన్, కింద ఉన్న జంక్షన్లని దాటేస్తుంటే ఓవర్. నిద్ర రాకుండా ఉండటానికి అది చాలు.

మాక్ కాల్స్ జూన్ రెండో సగంలో. ట్రైనరే కస్టమర్. కావాలనే గుక్క తిప్పుకోకుండా మాట్లాడేది. ఒకసారి "దేర్ వజ్ ఎ గ్యాస్ స్టేషన్ అబౌట్ టూ మైల్స్ బ్యాక్" అంది. మా కర్నూలు అబ్బాయి చాలా మర్యాదగా "బ్యాక్ ఆఫ్ ది కార్, మేడమ్?" అన్నాడు. రెండు మైళ్ల పొడుగు కారు! ఆ బ్యాక్‌కి అర్థం వచ్చిన దారిలో వెనక్కి రెండు మైళ్లు అని. ఇలాంటివే డౌన్ ఇన్, అవుట్ బై, ఓవర్ బై, అప్ ఎట్. రెండు మాటలు జంటగా వస్తాయి. "అయామ్ అవుట్ బై ది ఎయిర్‌పోర్ట్" అంటే అవుట్ అన్నది ఊరి నడిబొడ్డు నుంచి బయటికి అని చెప్తుంది, బై అన్నది ఎయిర్‌పోర్ట్ పక్కన అని. మొదటిది చెప్పే మనిషి ఎక్కడి నుంచి చూస్తున్నాడో పట్టిస్తుంది, అడ్రస్ రెండో దానిలో ఉంటుంది. సిస్టమ్‌లో రాయాల్సింది రెండోది. మొదటిదాన్ని పట్టుకుని వేలాడితే కాల్ టైమ్ పెరిగిపోతుంది.

ఎదురుగా అన్న మాట మా తెలుగు బ్యాచ్‌ని బాగా తిప్పలు పెట్టింది. కొట్టు ముందు నిలబడ్డా ఎదురుగానే అంటాం, రోడ్డుకి అవతల ఉన్నా ఎదురుగానే అంటాం. అక్కడ ఇన్ ఫ్రంట్ ఆఫ్ అంటే ఇవతల, అక్రాస్ ఫ్రమ్ అంటే అవతల. మధ్యలో డివైడర్ ఉన్న రోడ్డయితే ట్రక్ డ్రైవర్ తిట్లన్నీ మనకే.

ఓవర్ గురించి విడిగా చెప్పాలి. పుల్డ్ ఓవర్ అంటే పక్కకి తీసి ఆపారు. వెంట్ ఓవర్ ఎ కర్బ్ అంటే ఫుట్‌పాత్ అంచు ఎక్కి దిగారు, టైరు పోయుంటుంది. ది ఇంజిన్ టర్న్స్ ఓవర్ అంటే ఇంజిన్ తిరుగుతోంది కానీ అందుకోవడం లేదు, అది దిక్కే కాదు. ది కార్ టర్న్డ్ ఓవర్ అన్నారో, బోల్తా కొట్టింది. అప్పుడు టో ట్రక్ సంగతి పక్కన పెట్టి దెబ్బలు తగిలాయా అని అడిగి అక్కడి ఎమర్జెన్సీ నంబర్ 911కి చెప్పాలి. ఇంజినా, కారా అన్న ఒక్క మాట మీద కాల్ మొత్తం మారిపోతుంది. నాకు రాత్రిళ్లు కలలో కూడా ఓవర్ వినపడేది, నిజం.

సర్టిఫికేషన్ జూలై మొదటి వారంలో. మ్యాప్ టెస్ట్, మాక్ కాల్స్ కలిపి మార్కులు. ముందురోజు పగలు నిద్ర పట్టలేదు. పక్క బిల్డింగ్‌లో టైల్స్ కోత, కడుపులో తిప్పడం. రిజల్ట్ అప్పుడే చెప్తారనుకుంటే రెండు రోజులు ఆపారు. బ్యాచ్‌లో కొందరికి మళ్లీ రాయమని అవకాశం ఇచ్చారు, ఒకమ్మాయి విసుగొచ్చి ఊరెళ్లిపోయింది. తప్పినా వెంటనే పంపేయరు, రెండో ఛాన్స్ ఉంటుందని ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ రెండు రోజులూ మేము అన్నం తినేవాళ్లం.

తర్వాత నెస్టింగ్. నిజం కాల్సే, పక్కన సీనియర్ ఒకరు వింటూ ఉంటారు. నా మొదటి కాల్ ఒక పెద్దాయనది. అరుపులు లేవు, తొందర లేదు. రోడ్డు మీంచి జారి పక్క పల్లంలోకి దిగిపోయానని ఆయన ఒకే ఊపిరిలో చెప్పాడు: "స్లిడ్ ఆఫ్ ది రోడ్, డౌన్ ఇంటూ ది డిచ్." ఇక్కడ ఆఫ్‌కీ డౌన్‌కీ విడివిడిగా కొలత అడగాలి. రోడ్డు అంచు నుంచి ఎన్ని అడుగులు ఆఫ్, ఎంత లోతుకి డౌన్. దాన్ని బట్టే మామూలు టో సరిపోతుందా, కేబుల్‌తో లాగే వించ్ ఉన్న ట్రక్ కావాలా అన్నది తేలుతుంది. అడిగాను, చెప్పాడు, ట్రక్ వెళ్లింది. సీనియర్ ఏమీ అనలేదు, బొటనవేలు పైకెత్తి తన టీ తాను తాగాడు. ఆ పూట నాకు క్యాంటీన్ చపాతీ కూడా రుచిగా అనిపించింది.

నిజం కస్టమర్లు ట్రైనర్ అంత వేగంగా మాట్లాడరు. అది పెద్ద ఊరట. కానీ గాలి, లారీల హోరు, ఏడ్చే పిల్లలు ఉంటారు. ఆ రొదలో పెద్ద మాటలు వినపడతాయి, చిన్నవి కొట్టుకుపోతాయి. అందుకే తిరిగి చెప్పి ఒప్పించుకోవాలి: "సో యూ ఆర్ నార్త్‌బౌండ్, పాస్ట్ ఎగ్జిట్ 40, రైట్?" కాదంటే వాళ్లే దిద్దుతారు. నాలుగు సెకన్లు పడుతుంది. మన కాల్స్ విని చూసే క్వాలిటీ వాళ్లు దీనికి మార్కులు కూడా వేస్తారు.

ఆగస్టులో ఫ్లోర్ మీదికి, అంటే సొంతంగా కాల్స్ తీసుకోవడానికి, వచ్చాం. నైట్ అలవెన్స్ అప్పటినుంచే, ట్రైనింగ్‌లో ఇవ్వరు. న్యూయార్క్ వైపు పొద్దున తొమ్మిదంటే వాళ్ల ఎండాకాలంలో మనకి సాయంత్రం ఆరున్నర, అప్పుడు కాల్స్ మొదలవుతాయి. కాలిఫోర్నియాలో సాయంత్రం ఐదు గంటల రద్దీ మనకి తెల్లారి ఐదున్నరకి. ఆ టైముకి కళ్లు మూతలు పడుతుంటాయి, అప్పుడే కాల్స్ ఎక్కువ. షిఫ్ట్ అడిగే అవకాశం ఇస్తే తూర్పు తీరం షిఫ్టే అడగండి. నవంబర్ మొదటి ఆదివారం వాళ్ల గడియారాలు గంట వెనక్కి పోతాయి, మన షిఫ్ట్, క్యాబ్ గంట ఆలస్యంగా మొదలవుతాయి. పీజీలో డబ్బా సంగతి ఆంటీతో ముందే మాట్లాడి పెట్టుకోండి.